హంద్రీ ఒండ్రు, పాత వ్యాను

మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడి ఉండే తెల్లని ఓమ్ని వ్యాను 2002లో కొన్నది. ఈ రకం బండి 1984లో ‘మారుతి వ్యాన్’ అనే పేరుతో వచ్చింది. 1988లో ఓమ్ని అయింది. 2019లో దాని తయారీ ఆగిపోయింది. 796 సీసీల చిన్న ఇంజను ముందు సీట్ల కిందనే ఇమిడిపోతుంది కాబట్టి వెనుక భాగమంతా సరుకుకు మిగులుతుంది. మా నాన్నకు కావలసింది అదే. ఎమ్మిగనూరులో చేనేత బట్టల మూటలు ఎత్తించుకొని కర్నూలు పాతబస్తీలోని దుకాణానికి తెచ్చుకోవడానికి ఆయన దీనిని కొన్నారు. ఇప్పుడు దుకాణం లేదు, నాన్న లేరు. బండి మాత్రం నెలకు రెండు మూడు సార్లు మా అమ్మను ఆసుపత్రికో, బంధువుల ఇళ్లకో తీసుకుపోతుంది. జారుడు తలుపు తెరిస్తే మెట్టు తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి కొత్త కార్లలోకన్నా ఇందులోకి సులభంగా ఎక్కగలుగుతుంది. ఈ బండిని పాత ఇనుప సామాను వాళ్లకు వేయకుండా నేను పట్టుబట్టి బాగుచేసుకోవడానికి కారణం ఇంతే. నాన్న జ్ఞాపకం అని కూడా చెప్పుకోవచ్చు గాని, జ్ఞాపకం కోసం ఎవరూ మూడు నెలలు గ్రైండరు పట్టుకోరు.

సంక్రాంతికి ముందు బండి కడుగుతున్నప్పుడు ఎడమవైపు జారుడు తలుపు కింద, రంగు మీద రూపాయి బిళ్లంత పొక్కు కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి, అప్పడం విరిగిన చప్పుడు వచ్చింది. స్క్రూడ్రైవరు మొన ఆనించి కొంచెం బలం పెట్టాను. అది పిడి దాకా దిగిపోయింది.

తలుపు కింద, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య, బండి పొడవునా డొల్ల పెట్టెలాగా పోయే భాగాన్ని మన షెడ్లలో రన్నింగ్ బోర్డు అంటారు. లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేని ఇటువంటి బండిలో బాడీయే ఛాసిస్. రేకులను మడిచి, పెట్టెలుగా అతికించి, వాటి మీదనే బరువు నిలబెడతారు. కాబట్టి ఈ రన్నింగ్ బోర్డు అందం కోసం ఉన్న పట్టీ కాదు. జాకీ పెట్టేది దాని పక్కనే, తలుపు పట్టాలు ఆనేది దాని మీదనే. అది తిన్నంతగా తింటే తలుపు సరిగ్గా మూసుకోకపోవడంతో మొదలై, బండి నడుమే వంగిపోయేదాకా వస్తుంది.

కర్నూలు ఎండకు బండి తుప్పు పట్టిందంటే ఎవరూ సులభంగా నమ్మరు. సముద్రపు ఉప్పుగాలి సోకే విశాఖలోనో మచిలీపట్నంలోనో అయితే వేరు గాని, మే నెలలో 43 డిగ్రీలు దాటే ఊరిలో ఇనుము తడిసేదెప్పుడు, తుప్పు పట్టేదెప్పుడు అని నేను కూడా అనుకునేవాణ్ని. మా వీధి చివర ఒకప్పుడు టింకరింగు షెడ్డు నడిపి, ఇప్పుడు కొడుక్కు అప్పగించిన పెద్దాయన ఒకరున్నారు. ఊరంతా ఆయనను భాయ్ అనే పిలుస్తుంది. ఆయన వచ్చి, బండి పక్కన గొంతుకూర్చొని, స్క్రూడ్రైవరు దిగిన రంధ్రంలో వేలు పెట్టి తిప్పి, వేలి కొసకు అంటిన దానిని నాకు చూపించారు. అది ఎర్రని తుప్పు పొడి కాదు. నల్లని, మెత్తని, కొంచెం చల్లగా ఉన్న మన్ను.

“వాన కొరకలేదు సార్ దీన్ని. లోపల్నుంచి మన్ను తినింది. వరదలో మునిగిన బండేనా ఇది?”

అవును, మునిగిన బండే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలులోకి వచ్చినప్పుడు ఈ వ్యాను పాతబస్తీలో దుకాణం ముందు ఉంది. రెండు రోజులు నీళ్లలోనే నిలిచింది. నీళ్లు తీసిన తరువాత నాన్న ఇంజను విప్పించారు, వైరింగు మార్పించారు, సీట్లు ఎండబెట్టించారు, కార్పెట్టు పారవేశారు. కంటికి కనిపించేదంతా కడిగించారు. కాని రన్నింగ్ బోర్డు లోపల ఏమి చేరిందో చూడాలని ఆయనకు గాని, మెకానిక్కుకు గాని తోచలేదు. ఆ డొల్లలో చేరిన నీరు కారిపోవడానికి అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. వరద ఒండ్రు ముందుగా మూసివేసింది వాటినే.

తుప్పు విషయంలో నాకు ఇన్నాళ్లూ అర్థం కానిది అక్కడ అర్థమైంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, గాలిలోని ఆక్సిజను రెండూ కావాలి. ఆ నీటిలో లవణాలు కరిగి ఉంటే పని వేగంగా జరుగుతుంది. బండి బయటి వైపున వాన కురిసినా గంటలో ఆరిపోతుంది, మన ఎండ ఆ మేలు చేస్తుంది. లోపలి ఒండ్రు అలా కాదు. ఒక వానకు తలుపు పట్టా గుండా దిగిన గ్లాసెడు నీటిని అది వారాల తరబడి పట్టి ఉంచుతుంది. పైగా, మన్ను కప్పిన చోట గాలి తక్కువగా అందుతుంది, దాని పక్కన ఎక్కువగా అందుతుంది. ఒకే రేకు మీద ఈ తేడా ఏర్పడినప్పుడు, గాలి తక్కువ అందిన చోటే ఇనుము ఎక్కువగా కరిగిపోతుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అతుక్కొని కింది లోహాన్ని కాపాడుతుంది గాని, ఇనుము తుప్పుకు ఆ గుణం లేదు. అది పొలుసులుగా ఊడుతూ, కింద కొత్త ఇనుమును మళ్లీ తడికీ గాలికీ అప్పగిస్తుంది. తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే రంగును పొక్కులాగా పైకి నెడుతుంది. అంటే మనకు బయట పొక్కు కనిపించే నాటికి లోపల జరగవలసింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

మా బండికి ఇంకొక గ్రహచారం కూడా ఉంది. 2017లో 15 సంవత్సరాలు నిండి రిజిస్ట్రేషను పొడిగించుకోవలసి వచ్చినప్పుడు, ఫిట్‌నెస్ పరీక్షకు ముందు నాన్న ఒక షెడ్డులో ‘చిన్న ప్యాచ్ వర్కు’ చేయించారు. ఆ పని ఎలా చేశారో నేను గ్రైండరు పెట్టిన తరువాతనే బయటపడింది. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద మళ్లీ పుట్టీ, మొత్తం కలిపి దాదాపు అర అంగుళం మందం. దాని వెనుక రేకు లేదు, వార్తాపత్రిక ఉండ ఉంది. రంధ్రంలో కాగితం కుక్కి, దాని మీద పుట్టీ మెత్తి, రంగు కొట్టి ఇచ్చారు. పెచ్చు ఊడదీసి చూస్తే, వెనుక వైపున తెలుగు అక్షరాలు తిరగబడి అచ్చయి ఉన్నాయి. అద్దంలో పెట్టి చదివితే ఏదో స్థలాల ప్రకటన. కారు పనులకు వాడే పాలిస్టర్ పుట్టీ చూడటానికి రాయిలాగా ఉన్నా తేమను పీల్చుకుంటుంది. వెనుక నుంచి తడి తగిలే చోట దానిని పెట్టడమంటే ఇనుముకు తడిగుడ్డ కట్టడమే. 2022లో రెండోసారి పొడిగించుకున్నప్పుడు కూడా ఈ కాగితం ఉండ పరీక్షలో నెగ్గింది. అప్పటికి పాత కార్లకు ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. అంత కట్టి మరీ తుప్పుకు ఇంకో ఐదేళ్లు అనుమతి తెచ్చుకున్నామన్న మాట.

పాత బండి కొనేవారికి ఉపయోగపడే చిన్న పరీక్ష ఒకటి ఇక్కడ చెప్పాలి. ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి, తలుపుల కింది అంచుల వెంటా చక్రాల పైవంపుల వెంటా నెమ్మదిగా జరపండి. రేకు ఉన్న చోట అది పట్టుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్న చోట జారి కింద పడుతుంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. రేకు గణగణమంటుంది, పుట్టీ గోడలాగా మూగగా పలుకుతుంది. నేను ఈ పరీక్ష చేస్తే మా బండి ఎడమవైపున అయస్కాంతం నాలుగు చోట్ల పడిపోయింది. కుడివైపు మాత్రం దాదాపు బాగుంది. ఎడమవైపే ఎందుకంటే, బండి ఎప్పుడూ ఆ వైపు వేపచెట్టు కిందకు వచ్చేలా నిలుపుతాము. రాలిన వేపాకు తలుపు పట్టాలో చేరి, తడిసి, కుళ్లి, ఎరువుగా మారుతుంది. నీడ అనుకున్నదే తేమ అయింది.

ఒక షెడ్డులో ఈ పనికి 28,000 రూపాయలు అడిగారు. ఆ ధర అన్యాయమని నేను అనను. రెండు వారాల పని అది. కాని అడిగిన ప్రశ్నకు వారు చెప్పిన జవాబు నచ్చలేదు. లోపలి మన్ను ఎలా తీస్తారని అడిగితే, “అది కనపడదు గద సార్” అన్నారు. ఆ మాట విన్న తరువాతనే ఇంటి దగ్గర చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. వెల్డింగు మాత్రం భాయ్ చేసిపెట్టేటట్లు, మిగిలినదంతా నేను చేసుకునేటట్లు ఒప్పందం.

మొదట సీట్లు, మ్యాట్లు, తలుపు, తలుపు పట్టా విప్పాను. పట్టా స్క్రూలు ఒకటి కూడా తిరగలేదు. రెండు రోజులు నూనె పోసి నానబెట్టినా సగం తలలు తెగిపోయి, డ్రిల్లు చేసి తీయవలసి వచ్చింది. బ్యాటరీ వైర్లు తీసి, బండి కిందకు దూరి, పెట్రోలు ట్యాంకు, పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో చూసుకొని సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. గ్రైండరు నిప్పురవ్వలు చిన్నవే గాని, వేడి ఇనుప రజను అద్దాలలోకి గుచ్చుకొని ఎప్పటికీ పోని చుక్కలు పెడుతుంది. అందుకని అద్దాలన్నింటి మీద తడి గోనెసంచులు కప్పాను. పక్కన రెండు బకెట్ల నీళ్లు. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా ఈ పనికి దిగవద్దని చెప్పడానికి నాకు అర్హత ఉంది; మొదటి రోజు కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకొని పని చేసి, సాయంత్రం కంటి ఆసుపత్రిలో రజను తీయించుకున్నవాణ్ని.

ఎంత కోయాలి అన్నది ఈ పనిలో అసలైన ప్రశ్న. కోసేటప్పుడు చేతికి పిసినారితనం వస్తుంది. రంధ్రం అంచున పలుచబడిన రేకు కూడా రేకే కదా, మిగుల్చుకుందామనిపిస్తుంది. ఆ పలుచని అంచు మీద వెల్డింగు నిలవదు. మంట తగలగానే కాగితంలాగా కాలి, రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి వైరు బ్రష్షుతో గీకుతూ, తెల్లగా మెరిసే గట్టి రేకు వచ్చేదాకా పోయి, ఆ గట్టి రేకులోకి ఇంకొక అర అంగుళం పోయి గీత గీయాలని భాయ్ చెప్పారు. రూపాయి బిళ్లంత పొక్కు అలా అలా పెరిగి, రెండు జానల పొడవు, అరచేతి వెడల్పు ఉన్న కిటికీ అయింది. గీత గీసిన సాయంత్రం మా అమ్మ వాకిట్లోకి వచ్చి, “బాగుచేస్తానని చెప్పి ఇంకా పాడుచేస్తాండావేమిరా” అన్నది. నా దగ్గర జవాబు లేదు.

కిటికీ కోసిన తరువాత లోపలి మన్ను బయటపడింది. చెంచాతో, వంచిన తీగతో, చివరకు ట్యూబు కట్టిన వాక్యూమ్ క్లీనరుతో మూడు రోజులు తీశాను. తూచి చూస్తే రెండున్నర కిలోలు. పై పొర ఎండి పలకలుగా విడిపోయింది, కింది పొర ఇంకా తడిగానే ఉంది. నవంబరులో వాన పడి రెండు నెలలైనా అది ఆరలేదు. అందులో వేపపుల్లలు, ఒక గుండీ, ఒక చిన్న నత్తగుల్ల దొరికాయి. నత్తగుల్ల ఈ వీధిలో దొరికేది కాదు. నదితో పాటు వచ్చినదే అయి ఉండాలి. దానిని డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను.

డొల్లను నీళ్లతో కడిగి, వారం రోజులు ఎండలో వదిలాను. ఇక్కడ మన ఎండ నిజంగా వరం. రేకు చేత్తో తాకలేనంత వేడెక్కుతుంది, మూలల్లో దాగిన తడి కూడా పోతుంది. ఊడిపోయే తుప్పు అంతా బ్రష్షుతో గీకి, గుంటల్లో మిగిలిన దాని మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పూశాను. అది తుప్పును నల్లని ఐరన్ ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. మిగిలిపోయిన ఆమ్లాన్ని మాత్రం కడిగి ఆరబెట్టాలి. ఆ పని మరిస్తే పైన, రంగుకు ముందు పూతగా వేసే ఎపాక్సీ ప్రైమరు పట్టుకోదు. ఇవన్నీ ఎందుకు, ఇత్తడి బిందెలకు రుద్దినట్టు చింతపండు పెట్టి రుద్దమని అమ్మ సలహా ఇచ్చింది. ఆ మాటలో శాస్త్రం లేకపోలేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కొంత కరిగిస్తుంది. కాని మడతల్లో చిక్కుకునే ఆ గుజ్జు తేమను పట్టి ఉంచుతుంది, మనం వదిలించుకోవాలనుకుంటున్నదే అది. విప్పిన స్క్రూలను మాత్రం చింతపండు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టాను, అవి శుభ్రంగా వచ్చాయి. అమ్మ మాట సగం నెగ్గింది.

కొత్త రేకుకు 22 గేజి సీఆర్ షీటు, అంటే వేడి చేయకుండా సాగదీసిన నునుపైన ఉక్కు రేకు, కొన్నాను. ఇంకొంచెం మందమైతే గట్టిగా ఉంటుంది కదా అని దుకాణంలో అడిగితే, భాయ్ వద్దన్నారు. పాత రేకు పలుచన, కొత్త రేకు మందం అయితే వెల్డింగు వేడి రెండింటికీ ఒకేలా అందక, పలుచనిది కాలిపోతుంది. కొలతకు పెళ్లి పత్రిక అట్టలు వాడాను. పెళ్లిళ్ల కాలం కాబట్టి ఇంట్లో వాటికి కొరత లేదు. వంగుతాయి, మడత నిలుపుతాయి, కత్తెరకు తెగుతాయి. అట్టను కిటికీలో కుదిరేదాకా కత్తిరించి, దాని ప్రకారం రేకు కోసి, రెండు ఇనుప యాంగిళ్ల మధ్య బిగించి చెక్క సుత్తితో వంచాను. మూడు ముక్కలు చెడగొట్టిన తరువాత నాలుగోది కుదిరింది. ఇనుప సుత్తితో కొడితే రేకు సాగి, అప్పడంలాగా ఉబ్బుతుందని రెండో ముక్క చెడినప్పుడు తెలిసింది.

వెల్డింగు నేనే చేయగలనేమోనని ఒక ఆశ ఉండేది. మామూలు ఆర్క్ వెల్డింగు సెట్టు, 2.5 మిల్లీమీటర్ల రాడ్డు ఒక స్నేహితుడి దగ్గర తెచ్చి చెత్త రేకు మీద ప్రయత్నిస్తే, రాడ్డు తాకిన ప్రతిచోటా శనగగింజంత రంధ్రం పడింది. గేట్లకు, గ్రిల్లులకు పనికివచ్చే ఆ పద్ధతి ఇంత పలుచని రేకుకు పనికిరాదు. గ్యాస్ వెల్డింగుతో అతకవచ్చు గాని, దాని మంట చుట్టుపక్కల చాలా దూరం వేడి చేసి రేకును వంకర తిప్పుతుంది. భాయ్ తన కొడుకు షెడ్డు నుంచి, కార్బన్ డయాక్సైడు చాటున సన్నని తీగను కరిగించి అతికే సీఓటూ వెల్డింగు సెట్టు తెప్పించారు. ఆయన పని చేసే తీరు చూడటమే ఒక చదువు. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకు గీత లాగలేదు. ఎడమ మూలలో ఒక చుక్క, కుడి మూలలో ఒక చుక్క, మధ్యలో ఒకటి, తరువాత వాటి మధ్య ఒక్కొక్కటి. ప్రతి నాలుగు చుక్కలకు ఆగి, బీడీ ముట్టించుకోవడానికి గేటు బయటకు పోయి, తిరిగి వచ్చి చేతి వెనుక భాగంతో రేకు తాకి చూసేవారు. వేడి ఒకే చోట చేరితే రేకు ముడుచుకుంటుంది. ఒకటిన్నర మూర అతుకుకు రెండు గంటలు పట్టింది. కొత్త రేకు పై అంచును పాత రేకు కిందకు జొనిపారు. ఇంటి పెంకుల వరసలాగా, పైనుంచి కారే నీరు అతుకులోకి పోకుండా జారిపోవాలన్నది లెక్క.

“రంగు పోతే మళ్లీ కొట్టుకోవచ్చు సార్, నీళ్లకు దావ లేకుంటే మాత్రం ఏం జేసినా నిలబడదు,” అన్నారు, అడుగున రంధ్రాలు చూపిస్తూ. సైకిల్ పుల్ల ఒకటి వంచి, మూసుకుపోయిన రంధ్రాలు నాలుగింటినీ పొడిచి తెరిపించారు. కొత్త రేకు అడుగున ఐదోది నా చేత డ్రిల్లు వేయించారు.

డ్రైవరు కాళ్ల కింద నేల రేకుకు కూడా రెండు చిన్న రంధ్రాలు ఉన్నాయి. అక్కడ వెల్డింగు చేయించలేదు. సీలెంటు పూసి, రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టాను. ఇది ఉత్తమమైన పని కాదని నాకు తెలుసు. బరువు మోయని చోట కాబట్టి సరిపెట్టుకున్నాను. సీటు బెల్టు బోల్టులు దిగే చోటుకు, వెనుక కమాను పట్టీలు వేలాడే చోటుకు, జాకీ ఆనే చోటుకు ఇటువంటి సర్దుబాటు చేయకూడదు. అక్కడ తుప్పు ఉంటే ఇంట్లో పని అనే మాటే మరచిపోయి, వెల్డింగు బాగా తెలిసినవారి చేత చేయించాలి. మా బండికి ఆ మూడు చోట్లూ గట్టిగానే ఉన్నాయని సుత్తితో తట్టి చూసి భాయ్ చెప్పిన తరువాతనే నేను ముందుకు పోయాను.

ఆ తరువాతి పని ఓపిక పని. బయట మనకు అలవాటైన రెడ్ ఆక్సైడు బదులు రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరు కొట్టాను. రెడ్ ఆక్సైడు పొర గుండా తేమ మెల్లగా లోపలికి పోతుంది, ఎపాక్సీ దానిని బాగా అడ్డుకుంటుంది. పుట్టీని నేను తిట్టినట్టు అనిపించవచ్చు గాని, గట్టి రేకు మీద, ప్రైమరు మీద, రెండు మిల్లీమీటర్లు మించకుండా వేస్తే దానికన్నా మంచి వస్తువు లేదు. అప్పటికి మార్చి చివర. వంద పాళ్ల పుట్టీకి రెండు పాళ్ల హార్డెనరు కలపాలి. మన ఎండకు మధ్యాహ్నం అలా కలిపితే పలక మీదనే మూడు నిమిషాల్లో రాయి అయింది. ఒక డబ్బాలో పావు భాగం అలా పారబోసిన తరువాత, తెల్లవారి ఐదున్నరకు లేచి వేయడం మొదలుపెట్టాను. గీకడానికి, మా నాన్న తరం ఉప్పుకాగితం అని పిలిచే ఎమరీ పేపరును చెక్క ముక్కకు చుట్టి వాడాలి. ఉత్త చేత్తో రుద్దితే వేళ్ల మధ్య సందులు రేకు మీద అలలుగా మిగులుతాయి. 80 నంబరుతో మొదలుపెట్టి 400 దాకా పోయాను. మధ్యలో పొయ్యి బొగ్గు పొడి చల్లి గుడ్డతో తుడిస్తే, పల్లం ఉన్నచోట నలుపు మిగిలిపోయి ఎక్కడ ఇంకా నింపాలో చెబుతుంది.

రంగు దగ్గర నేను ఓడిపోయాను. పెట్రోలు మూత విప్పి తీసుకుపోయి, దానితో సరిపోల్చి తెలుపు కలిపించాను. మూత మీద ఎండ తక్కువ పడుతుంది, బండి మీద ఎక్కువ పడుతుంది అన్న సంగతి అప్పుడు తట్టలేదు. దుమ్ము లేవకుండా వాకిట్లో కళ్లాపి చల్లి, గాలి లేవకముందే అద్దెకు తెచ్చిన కంప్రెషరుతో కొట్టాను. వేడికి థిన్నరు గాలిలోనే ఆరిపోవడం వల్ల మొదటి పూత బత్తాయి తొక్కలాగా గరుకుగా వచ్చింది. నిదానంగా ఆరే థిన్నరు తెచ్చి, గీకి, మళ్లీ కొట్టాను. నునుపు వచ్చింది గాని, పాత తెలుపు పక్కన కొత్త తెలుపు పాల పక్కన సున్నంలాగా కనిపించింది. చివరకు రెండు వైపులా కింది ఆరు అంగుళాలకు నల్ల పట్టీ కొట్టి ఆ తేడాను దాచాను. చూసినవారు అది డిజైను అనుకుంటున్నారు, నేను కాదనడం లేదు.

డొల్ల లోపలికి మాత్రం రంగు పోదు. పాత డ్రైవర్లు అక్కడ వాడిన ఇంజను నూనె పోస్తారు. అది కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది గాని, దుమ్మును పట్టుకొని మళ్లీ ముద్ద చేస్తుంది, రబ్బరు బీడింగులను ఉబ్బిస్తుంది, వాకిలంతా కారుతుంది. నేను సన్నని గొట్టంతో మైనపు స్ప్రే కొట్టాను. అది మడతల్లోకి పాకి, మెత్తని పొరగా నిలుస్తుంది. కొట్టేటప్పుడు రంధ్రాలలో సైకిల్ పుల్లలు పెట్టి ఉంచి, ఆరిన తరువాత తీశాను.

మొత్తం 11,000 రూపాయల పైచిలుకు అయింది, కంటి ఆసుపత్రి ఖర్చు కాకుండా. భాయ్ కూలీ తీసుకోలేదు. ఆయన మనుమరాలి నిఖాకు నాలుగు రోజులు బండి పంపమన్నారు, పంపాను.

జూన్‌లో తొలి వాన పడిన మరునాడు తలుపు పట్టాలో చెంబుతో నీళ్లు పోసి, కింద బోర్లా పడుకొని చూశాను. నాలుగు రంధ్రాల నుంచి నీరు సన్నగా కారింది. వెనుక చక్రం దగ్గరి ఐదోదాని నుంచి చుక్క రాలేదు. పట్టాలో వేపాకులు అప్పటికే చేరి ఉన్నాయి. లేచి, సైకిల్ పుల్ల కోసం లోపలికి పోయాను.